దొంగల నాయకుడికి దండమా? నమకం అర్థం చదివాక మొదలైన తలనొప్పి

సందేహాల_పుట్ట
కార్తీక సోమవారం మా అపార్ట్‌మెంట్ గుడిలో రుద్రాభిషేకం జరిగింది. ఎప్పటిలాగే పంతులుగారు నమః అన్నప్పుడల్లా మేమూ నమః అని, తీర్థం పుచ్చుకుని, పులిహోర తిని వచ్చేశాం. ఈసారి పక్క ఫ్లాటాయన తాత్పర్యం ఉన్న చిన్న పుస్తకం చేతిలో పెట్టాడు. ఇంటికొచ్చి చదివితే మతి పోయింది. నమకం (నమః అంటూ సాగే రుద్ర మంత్రాలు) మూడో అనువాకంలో, అంటే మూడో భాగంలో "స్తేనానాం పతయే నమః", "తస్కరాణాం పతయే నమః" అని ఉంది. దొంగల నాయకుడికి నమస్కారం, దారిదోపిడీగాళ్ళ నాయకుడికి నమస్కారం, మోసగాడికి నమస్కారం, మహా మోసగాడికి నమస్కారం! దాని తర్వాత చదివే చమకం ("చ మే", నాకు ఇదీ కావాలి అంటూ సాగే మంత్రాలు) తిరగేస్తే నాకు వడ్లు కావాలి, మినుములు కావాలి, నువ్వులు కావాలి, చివరికి రాళ్ళూ ఇసుకా కూడా కావాలి. మా అమ్మ కిరాణా కొట్టుకి రాసిచ్చే చీటీ ఇలాగే ఉంటుంది.

అమ్మనే అడిగితే "వేదానికి అర్థాలు వెతక్కూడదురా, చెవిన పడితే చాలు" అంది. నాకు మింగుడు పడటం లేదు. తెలిసినవాళ్ళు చెప్పండి, ఇది స్తోత్రమేనా? చదివే పంతుళ్ళకైనా అర్థం తెలుసా, లేక అందరం కలిసి తలూపుతున్నామా?

గుంటూరు_గోంగూర
చమకం లిస్టులో గోంగూర లేదు, కందిపప్పూ లేదు. ముద్దపప్పు, నెయ్యి, గోంగూర పచ్చడి రుచి ఎరగనివాళ్ళు ఋషులెలా అయ్యారో నాకర్థం కాదు.

బీటెక్_బాబు
పైపైన చదివి కొట్టిపారేయకండి. చమకం పదకొండో అనువాకం చూడండి. ఏకా చ మే, తిస్రశ్చ మే, పంచ చ మే అంటూ 33 దాకా బేసి సంఖ్యలు, తర్వాత 4 నుంచి 48 దాకా నాలుగో ఎక్కం. బేసి సంఖ్యలు వరసగా కూడుకుంటూ పోతే 1, 4, 9, 16 అని వర్గాలు వస్తాయి. 33 దాకా కూడితే 289, అంటే 17 ఇంటూ 17. ఇందులో డీఎన్ఏ నిర్మాణం, పరమాణువుల రహస్యం దాచారని మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది.

ఉప్పు_తక్కువ
ఫ్యామిలీ గ్రూపులో వచ్చాక ఇక తిరుగేముంది.

నిద్రపట్టని_మాస్టారు
బాబూ, నీ లెక్క సరైనదే. కానీ ఆ అంకెలు ఎందుకున్నాయో చెప్పడానికి వాట్సాప్ అక్కర్లేదు, ఈ నమక చమకాలున్న యజుర్వేద గ్రంథం, తైత్తిరీయ సంహిత, దాని ఐదో కాండలోనే ఉంది. బేసి సంఖ్యలు దేవతల ఛందస్సు, నాలుగేసి పెరిగేవి మనుషుల ఛందస్సు, రెండూ దక్కాలి కాబట్టి రెండు వరసలూ చెప్తారు అంటుంది. 33 దగ్గర ఆగడం దేవతలు ముప్ఫై ముగ్గురు కాబట్టి. 48 దగ్గర ఆగడం జగతీ ఛందస్సుకి 48 అక్షరాలు కాబట్టి, ఆ జగతికి పశుసంపదతో లంకె. డీఎన్ఏ ఊసెక్కడా లేదు. వేదం తన మాట తనే చెప్పుకుంటుంటే మధ్యలో మనం దూరి ఇంకేదో చెప్పించడం దేనికి?

ఇక పుట్టగారి ప్రశ్న. నమకం నాలుగో కాండలో ఐదో ప్రపాఠకం (అధ్యాయం లాంటిది), చమకం ఏడో ప్రపాఠకంలో మొదటి భాగం, రెండూ పదకొండేసి అనువాకాలు. మనం వీటిని లింగం మీద నీళ్ళు పోస్తూ వింటున్నాం గానీ, సంహితలో ఇవి ఉన్నది అగ్నిచయనం అనే పెద్ద యాగం సందర్భంలో. ఇటుకలతో ఐదు వరసల వేదిక పేరుస్తారు. పేర్చడం పూర్తయ్యేసరికి ఆ అగ్ని రుద్రుడై పుడతాడు. అప్పుడే పుట్టాడు, ఆకలి మీదున్నాడు, ఎవరి మీద పడతాడో తెలియదు. అందుకని జిల్లేడాకుతో మేకపాలు ఆహుతిస్తూ నమకం చదువుతారు. మొదటి మాటే చూడండి. "నమస్తే రుద్ర మన్యవ", రుద్రా, నీ కోపానికి దండం. ఆ వెంటనే నీ బాణానికి, నీ వింటికి, నీ చేతులకి. బాబ్బాబూ ఆ విల్లు దించవయ్యా అని బతిమాలుకోవడం అది. ఆయన చల్లబడ్డాక చమకం, నేతిధార తెగకుండా పోస్తూ కావాల్సినవన్నీ అడుగుతారు. దాన్నే వసోర్ధార అంటారు. కోపంగా ఉన్నవాడి దగ్గరికి చీటీ పట్టుకుని వెళ్తామా ఎవరైనా?

సందేహాల_పుట్ట
ఇది బాగుంది, ఇన్నేళ్ళలో ఒక్కరూ చెప్పలేదు. కానీ దొంగల సంగతి సాఫీగా దాటేశారు మాస్టారూ.

పాలకొల్లు_పిల్లోడు
దొంగల జాబితా ఇంకా ఉంది, మొత్తం చదవండి మజాగా ఉంటుంది. "వంచతే" అంటే యజమాని దగ్గర నమ్మకంగా పనిచేస్తూ ఎప్పుడో ఒకసారి నొక్కేసేవాడట. "పరివంచతే" అంటే ప్రతి లావాదేవీలోనూ నొక్కేసేవాడట. "కులుంచానాం పతయే", పొలాలూ ఇళ్ళూ కాజేసేవాళ్ళు అని భాష్యం. అంటే భూకబ్జా అప్పటికే ఉంది! మా మామయ్య రైస్‌మిల్లులో ఒక గుమాస్తా ఉండేవాడు, మొదటి రకంలో చేరి రెండో రకంలో రిటైరయ్యాడు.

ఉప్పు_తక్కువ
కులుంచానాం పతయే ఎవరో నాకు తెలుసు గానీ చెప్పను, నాకు ఇంకా ప్లాటు రిజిస్ట్రేషన్ కాలేదు.

నిక్కచ్చి_మనిషి
వెటకారాలు ఆపి కాసేపు ఆలోచిస్తే తేలిపోతుంది. అంతా ఆయనే అన్నప్పుడు మంచివాళ్ళలో మాత్రమే ఉన్నాడనడం కుదరదు. దొంగలోనూ ఆయనే ఉన్నాడు. సర్వం రుద్రమయం అని చెప్పడానికే ఆ జాబితా. సాయణుడు కూడా ఈ దారిలోనే అర్థం చెప్పాడు, విజయనగరంలో బుక్కరాయల కాలంలో రాసిన భాష్యం అది. ఇందులో ఇబ్బంది పడాల్సిందేమీ లేదు.

మెట్ట_రైతు
నాకు అంత వేదాంతం అక్కర్లేదనిపిస్తుంది. పశువుల్ని అడవి దారిలో తోలుకెళ్ళేవాడికి భయం ఎవరి వల్ల? దొంగల వల్ల, రాత్రిపూట తిరిగేవాళ్ళ వల్ల. వాళ్ళందరి మీదా అజమాయిషీ ఉన్న ఒక్కడెవరో వాడి కాళ్ళు పట్టుకుంటే సరిపోతుంది. ఊళ్ళో రౌడీ గొడవ చేస్తే రౌడీతో మాట్లాడం కదా, వాణ్ణి అదుపులో పెట్టే పెద్దమనిషి ఇంటికెళ్తాం. "పతయే" అనడంలో ఉన్న లౌక్యం అదే.

సంథ_చెప్పినోడు
చదివే పంతుళ్ళకైనా తెలుసా అని అడిగారు కాబట్టి చెప్తున్నాను. నేను చదువుకుంది కోనసీమలో, ఇప్పుడు హైదరాబాద్‌లో పౌరోహిత్యం. చిన్నప్పుడు మాకు అర్థం చెప్పలేదు, నిజమే. గురువుగారు ఒకసారి చెప్తే మేం రెండుసార్లు తిరిగి చెప్పాలి, అదే సంథ. పుస్తకం ముట్టనిచ్చేవారు కాదు. స్వరం దిగాల్సిన చోట మేం దిగకపోతే మునివేళ్ళతో నడినెత్తి పట్టుకుని కిందికి వంచేవారు, లేవాల్సిన చోట గడ్డం కింద వేలు పెట్టి లేపేవారు. ఇప్పటికీ "తస్కరాణాం" దగ్గరికి వస్తే నా మెడ దానంతటదే కదులుతుంది. పదం, క్రమం, జట, ఘన అని ఒకే మంత్రాన్ని ముందుకీ వెనక్కీ అల్లి చదవడం అక్షరం జారిపోకూడదనే. ఇంత కాపాడుకుని తెస్తే, వచ్చి కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకుంటూ అర్థం తెలుసా అంటారు.

త్వష్ట కథ వినే ఉంటారు. ఇంద్రుణ్ణి చంపే కొడుకు పుట్టాలని హోమం చేస్తూ "ఇంద్రశత్రుర్వర్ధస్వ" అన్నాడు. స్వరం ఒకచోట పెట్టాల్సింది ఇంకోచోట పెట్టాడు. ఇంద్రుణ్ణి చంపేవాడు కాస్తా ఇంద్రుడి చేతిలో చచ్చేవాడైపోయాడు. అందుకే ముందు స్వరం, తర్వాతే ఏదైనా.

డల్లాస్_శారద
మీ కథ మీకే అడ్డం తిరుగుతోంది కదండీ. స్వరం మారితే అర్థం తారుమారైంది కాబట్టే ఆయన కొంప మునిగింది. అర్థంతో పనే లేకపోతే త్వష్ట ఎలా పలికితే మాత్రం ఏం?

ఉప్పు_తక్కువ
క్లీన్ బౌల్డ్.

సంథ_చెప్పినోడు
బౌల్డ్ ఏం కాదు. అర్థం అక్కర్లేదని నేను అనలేదు, స్వరం ముందు అన్నాను. రెండూ కావాలంటే ఇరవై ఏళ్ళు పడుతుంది, అన్నేళ్ళు పిల్లాణ్ణి పంపే తల్లిదండ్రుల్ని చూపించండి.

నిద్రపట్టని_మాస్టారు
ఈ తగువు మీ ఇద్దరిదీ కాదు, వేదంలో మాటలకు అర్థాలు వివరించే నిరుక్తం రాసిన యాస్కుడి నాటిది. నిరుక్తం మొదటి అధ్యాయంలోనే కౌత్సుడనే ఆయన "అనర్థకా హి మంత్రాః" అని వాదిస్తాడు, మంత్రాలకు అర్థమే లేదని. ఆయన చూపించే సాక్ష్యాల్లో ఒకటి రుద్రుడి గురించే. ఒకచోట రుద్రుడు ఒక్కడే, రెండోవాడు లేడంటారు, ఇంకోచోట భూమ్మీద లెక్కలేనన్ని వేలమంది రుద్రులున్నారంటారు, ఏది నమ్మమంటారు అని. మన నమకం పదకొండో అనువాకం కూడా "సహస్రాణి సహస్రశో యే రుద్రా అధిభూమ్యాం" అనే మొదలవుతుంది. అంటే పుట్టగారికి వచ్చిన చిరాకు అప్పట్లో పండితులకే వచ్చింది.

యాస్కుడు చాలా మామూలుగా జవాబు చెప్తాడు. లోకంలో కూడా ఈ రాజుకు శత్రువే లేడు అంటాం, నిజంగా ఒక్కడూ లేడనా? మాట్లాడే తీరు అది. ఆ తర్వాత ఒక చురక అంటిస్తాడు. "నైష స్థాణోరపరాధో యదేనమంధో న పశ్యతి." గుడ్డివాడు చూడకపోతే అది మోడు తప్పు కాదు. అక్కడితో ఆగలేదు, వేదం వల్లించి అర్థం తెలుసుకోనివాడు బరువు మోసే మోడు అని ఇంకో పాత మాట కూడా పట్టుకొస్తాడు. సంథవారూ, మిమ్మల్ని కాదు లెండి.

సంథ_చెప్పినోడు
నన్నే అన్నారు, పర్లేదు.

సారె_మట్టి
అందరూ దొంగల దగ్గరే ఆగిపోయారు. నమకం నాలుగో అనువాకానికి రండి. "నమస్తక్షభ్యో రథకారేభ్యశ్చ వో నమో నమః కులాలేభ్యః కర్మారేభ్యశ్చ వో నమః". వడ్రంగులకు, రథాలు చేసేవాళ్ళకు, కుమ్మరులకు, కమ్మరులకు. తర్వాత నిషాదులకు, బాణాలు చేసేవాళ్ళకు, వేటగాళ్ళకు, కుక్కలకు, కుక్కల్ని సాకేవాళ్ళకు.

మా తాత కుండలు చేసేవాడు. ఊరి శివాలయానికి అభిషేకం కుండలు, కార్తీకంలో ప్రమిదలు మా ఇంటి నుంచే వెళ్ళేవి. కుండ లోపలికి వెళ్ళేది, ఆయన గుమ్మం బయట నిలబడేవాడు. లోపల చదివేది ఇదే మంత్రం. డిగ్రీలో ఉండగా లైబ్రరీలో ఈ అర్థం చూశాను. లోపల చదువుతున్నది ఆయనకు దండం అని చదివేవాళ్ళు చెప్పలేదు, బయటున్నాయనకు తెలియలేదు. చెవిన పడితే చాలు, అర్థం వద్దు అంటారే, ఆ మాట వల్ల ఎవరికి సుఖమో కాస్త చూడండి.

నిక్కచ్చి_మనిషి
మీ బాధ అర్థమైంది గానీ, మంత్రాన్ని ఇటు లాగడం సరికాదు. అది కుమ్మరికి నమస్కారం కాదు, కుమ్మరి రూపంలో ఉన్న రుద్రుడికి.

సారె_మట్టి
సరే. కుమ్మరి రూపంలో ఉన్న రుద్రుణ్ణి గుమ్మం బయట ఎందుకు నిలబెట్టారు?

గుంటూరు_గోంగూర
దీని మీద నేను జోకు వెయ్యను.

నిద్రపట్టని_మాస్టారు
ఒక చిన్న సంగతి. దొంగల దగ్గర "తస్కరాణాం పతయే" అన్నాడు, నాయకుడు ఒక్కడికే దండం. కుమ్మరుల దగ్గర నాయకుడు లేడు. "కులాలేభ్యః కర్మారేభ్యశ్చ వో నమః", వో అంటే మీకు. ఎదురుగా నిలబెట్టి మీకు దండం అన్నట్టే ఉంది. అదే అనువాకంలో "మహద్భ్యః క్షుల్లకేభ్యశ్చ వో నమః", గొప్పవాళ్ళకూ అల్పులకూ, మీకందరికీ. రుద్రుడి రూపాలు అన్న నిక్కచ్చిగారి మాట భాష్యాల ప్రకారం కాదనలేం. కాదనలేం గానీ ఆ మాటను అడ్డం పెట్టుకుని మనిషిని మాయం చెయ్యకూడదు.

నిక్కచ్చి_మనిషి
మాయం చెయ్యమని నేను అనలేదు. గుమ్మం బయట నిలబెట్టడం ఆచారం చేసిన పని, మంత్రం చేసిన పని కాదు.

సారె_మట్టి
ఆచారం చేసినవాళ్ళ నోట్లోనే మంత్రం ఉంది. ఇంకేం మాట్లాడతాం.

సంథ_చెప్పినోడు
సారెగారూ, మీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జరిగింది ఒకటి చెప్తాను. ఈ మధ్య ఒక వడ్రంగి మేస్త్రి గృహప్రవేశానికి పిలిచారు, సొంత చేత్తో చేసుకున్న టేకు గుమ్మం. అభిషేకంలో నాలుగో అనువాకం అయ్యాక ఆపి, "నమస్తక్షభ్యః" అంటే వడ్రంగులకు నమస్కారమండీ అన్నాను. ఆయన నవ్వి "మా ఇంటికొచ్చారు కాబట్టి మాకోసం కలిపి చెప్తున్నారు పంతులుగారూ" అన్నాడు. ఎంత చెప్పినా నమ్మడు. చివరికి సంచిలోంచి పుస్తకం తీసి, ఆయన పెద్దమ్మాయి చేత పైకి చదివించాను. ఆ పిల్ల గడగడా చదివేసి, ఈ లైను ఫొటో తీసుకోవచ్చా అంది.

డల్లాస్_శారద
నేనిక్కడ వారాంతం ఆన్‌లైన్ క్లాసులో రుద్రం నేర్చుకుంటున్నాను. ఆడవాళ్ళు చదవకూడదని ఎవరూ మొదలుపెట్టకండి.

నిక్కచ్చి_మనిషి
నేనేమీ అనలేదు. లోపల అనుకున్నాను అంతే.

డల్లాస్_శారద
లోపల అనుకున్నదానికి కూడా జవాబుంది. నమకం మొదటి అనువాకంలో "ఉతైనం గోపా అదృశన్నదృశన్నుదహార్యః". నీలకంఠుడు ఎర్రగా పైకి వస్తుంటే ఆయన్ని పశువులు కాసేవాళ్ళు చూశారు, నీళ్ళు మోసుకొచ్చే ఆడవాళ్ళు చూశారు. ఉదయిస్తున్న సూర్యుడే అని మా క్లాసులో చెప్పారు. పొద్దున్నే లేచి బయట పని చేసేవాళ్ళకే కనపడతాడు మరి. చూడ్డానికి పనికొచ్చినవాళ్ళం చదవడానికి పనికిరామా?

ఉప్పు_తక్కువ
నిక్కచ్చిగారు టైప్ చేస్తున్నారు... ఆపేశారు... టైప్ చేస్తున్నారు...

రాత్రి_డ్యూటీ
నేను నర్సుని. 2021లో రెండో వేవ్ అప్పుడు మా వార్డులో ఒక పెద్దాయన ఆక్సిజన్ మాస్కు లోపల్నుంచి ఏదో గొణుగుతూనే ఉండేవాడు. సాచురేషన్ పడిపోతోంది, మాట్లాడకండి బాబాయిగారూ అంటే ఆగేవాడు కాదు. "మా నో మహాంతం" అని ఒక ముక్క మాత్రం చెవిలో ఉండిపోయింది. మహాంతం అంటే ఏదో గొప్ప పొగడ్త అనుకున్నాను. ఇప్పుడు ఈ చర్చ చదువుతూ వెతికితే నమకం పదో అనువాకం. మాలో పెద్దవాణ్ణి చంపకు, పసివాణ్ణి చంపకు, మా నాన్నను చంపకు, మా అమ్మను చంపకు. ఆయన భార్య పక్క వార్డులో ఉంది అప్పుడు. ఇద్దరూ ఇంటికెళ్ళారు, అది వేరే సంగతి. ఆయనకు అర్థం తెలిసే చదివాడా అని ఇప్పుడు అడగాలనిపిస్తోంది.

సంథ_చెప్పినోడు
తెలిసే చదివి ఉంటారమ్మా. ఆ అనువాకంలోనే ఇంకో మాట ఉంది, "విశ్వం పుష్టం గ్రామే అస్మిన్ననాతురం". ఈ ఊళ్ళో అందరూ పుష్టిగా ఉండాలి, ఒక్కరికీ రోగం ఉండకూడదు. రెండు కాళ్ళవాటికీ నాలుగు కాళ్ళవాటికీ మేలు జరగాలని దాని ముందు మాట.

మెట్ట_రైతు
పుట్టగారు కిరాణా చీటీ అన్నారు కదా, దాని మీద నాకో మాట ఉంది, కొంచెం పొడుగవుతుంది. చమకం నాలుగో అనువాకంలో గింజల వరస చూడండి. వ్రీహయః అంటే వడ్లు, తర్వాత యవలు, మినుములు, నువ్వులు, పెసలు, ఖల్వాలు, గోధుమలు, మసూరపప్పు, ప్రియంగవః అంటే కొర్రలు, అణవః అంటే ఏవో సన్న గింజలు, శ్యామాకాలు, చివర నీవారాలు. శ్యామాకాలు సామలని మన పుస్తకాల్లో రాస్తారు గానీ హిందీవాళ్ళు సాంవా అనేది మన ఊదల్ని, కాబట్టి నా ఓటు ఊదలకే. ఇక నీవారం అంటే నివ్వరి. ఎవరూ విత్తని వరి. చెరువు లోపలి అంచున, కాలవ మడుగుల్లో తనంతట తనే లేస్తుంది. పండీ పండగానే గింజ రాలిపోతుంది, కోద్దామంటే చేతికి రాదు. వరి చేలో పడితే కలుపు కింద పీకేస్తాం. కిరాణా కొట్లో దొరకదు.

దున్ని, నాటి, కోసే వడ్లతో మొదలెట్టి, ఎవరూ దున్నని గింజతో ముగించాడు. ఐదో అనువాకంలో ఆ మాటే బయటపెట్టి అంటాడు, "కృష్టపచ్యం చ మే అకృష్టపచ్యం చ మే", దున్నితే పండేదీ కావాలి, దున్నకుండా పండేదీ కావాలి. పదో అనువాకంలో పశువులు. ఏడాదిన్నర దూడ, రెండేళ్ళ దూడ, రెండున్నరేళ్ళ దూడ అని ఈడు ప్రకారం ఎద్దుకొకటి ఆవుకొకటి పేర్లు పెట్టి అడుగుతాడు. చూలు నిలవని ఆవునీ గొడ్డుటావునీ కూడా వదల్లేదు. అమ్మకానికి పనికిరాని ఆవును కూడా నాదే అన్నవాణ్ణి ఆశపోతు అనడానికి నాకు నోరు రాదు.

ఇంకొకటి, మంత్రపుష్పంలో అందరూ వినేదే. "నీలతోయద మధ్యస్థా విద్యుల్లేఖేవ భాస్వరా, నీవారశూకవత్తన్వీ పీతా భాస్వత్యణూపమా". గుండెలో ఉన్న జ్వాల నల్లమబ్బు మధ్య మెరుపులా ఉందట, నివ్వరి ముల్లులా సన్నగా ఉందట. మా అమ్మమ్మగారి ఊరి చెరువులో నివ్వరి కంకి తెంపి చూశాను. గింజ కొస నుంచి ముల్లు లేస్తుంది, గింజకన్నా చాలా పొడుగు. వేలితో కిందికి దువ్వితే గరగరా పట్టుకుంటుంది, పైకి దువ్వితే జారుతుంది. నీడలో కంటికి ఆనదు, ఎండలో పక్కకు తిప్పితే సన్నగా ఒక గీత మెరుస్తుంది, పండాక పసుపురంగు. శ్లోకంలో కూడా పక్కనే "పీతా" అన్నాడు. చెరువులో దిగి కంకి పట్టుకోనివాడికి ఈ పోలిక తట్టదు.

బీటెక్_బాబు
ఇది డీఎన్ఏ కన్నా బాగుంది అన్నా.

సందేహాల_పుట్ట
రైతుగారూ, కిరాణా చీటీ అన్న మాట మీద మీరు చెప్పింది ఒప్పుకుంటా. కానీ చ మే, చ మే, చ మే, నాకు, నాకు, నాకు! నిష్కామ కర్మ అని ఒకపక్క చెప్తూ ఇంకోపక్క ఇంత పెద్ద పట్టీ. నాకు అదింకా కుదరటం లేదు.

నిద్రపట్టని_మాస్టారు
చమకం పదో అనువాకం చివర చదివారా? "ఆయుర్యజ్ఞేన కల్పతాం, ప్రాణో యజ్ఞేన కల్పతాం". అడిగిన ఆయుష్షు, ప్రాణం, చూపు, వినికిడి, మాట అన్నీ యజ్ఞంలోకే వెళ్ళాలంటాడు, ఆఖరికి "యజ్ఞో యజ్ఞేన కల్పతాం".

సందేహాల_పుట్ట
చదివాను. ముందు పదిసార్లు నాకు అని, చివర్లో అంతా నీకే అనడం ఇల్లు కట్టుకుని దేవుడి పేరు పెట్టుకున్నట్టు లేదూ?

మెట్ట_రైతు
అడిగితే తప్పేముందయ్యా. పొలంలో ఇత్తనం వేసినవాడు వాన అడక్కుండా ఉంటాడా? "కృషిశ్చ మే వృష్టిశ్చ మే" అని అదీ ఉంది అందులో. నిష్కామం నెల జీతగాళ్ళు చెప్పే మాట.

డల్లాస్_శారద
నన్ను పట్టుకుంది చమకం మొదటి అనువాకం. "ఆయుశ్చ మే జరా చ మే". ఆయుష్షుతోపాటు ముసలితనం కూడా కావాలట. నేను పదిహేను రోజులకోసారి జుట్టుకి రంగు వేసుకుంటూ ఈ క్లాసు వింటున్నాను. మా నాన్న నలభైల్లోనే పోయారు, ఆయన తల నెరవడం మేమెవరం చూడలేదు. ముసలితనాన్ని కూడా అడిగి తెచ్చుకోవాలని ఎవరికో తోచింది చూడండి.

పాలకొల్లు_పిల్లోడు
ఎముకలు, కీళ్ళు కూడా ఉన్నాయి అందులో. "అస్థాని చ మే పరూంషి చ మే". మా నాయనమ్మకు చెప్తే మోకాళ్ళ నూనె మానేసి చమకం పెట్టుకుంటుంది. మూడో అనువాకంలో "శయనం చ మే", మంచి నిద్ర, "సుదినం చ మే", మంచి రోజు. మాస్టారి హ్యాండిల్‌కి పనికొస్తుంది.

నిద్రపట్టని_మాస్టారు
రోజూ చదువుతూనే ఉన్నా నాయనా, ఇంకా ఆయన దాకా చేరినట్టు లేదు.

సారె_మట్టి
నాకు నచ్చిన మాట ఎవరూ ఎత్తలేదు. చమకం నాలుగో అనువాకం మొదట్లోనే పాలు, నెయ్యి, తేనె అయ్యాక "సగ్ధిశ్చ మే సపీతిశ్చ మే". నలుగురితో కలిసి తినడం కావాలి, కలిసి తాగడం కావాలి. తిండి ఒక్కటే అడగలేదు, పక్కన మనిషిని కూడా అడిగాడు. నిక్కచ్చిగారూ, దీనికి కూడా ఏదైనా రూపంలో ఉన్న రుద్రుడు అంటారా?

నిక్కచ్చి_మనిషి
అనను. కలిసి తినడం అంటే కలిసి తినడమే. మీ ఊరు ఎటైనా వస్తే కబురు పెడతాను.

ఉప్పు_తక్కువ
సపీతికి మా ఫ్రెండ్స్ బ్యాచ్ రెడీ. మంత్రంలో ఉంది కాబట్టి ఇంట్లో కూడా చెప్పుకోవచ్చు.

సంథ_చెప్పినోడు
అది పాలు నాయనా.

సందేహాల_పుట్ట
మా అసోసియేషన్ సెక్రటరీతో మాట్లాడాను. వచ్చే సోమవారం అభిషేకానికి ఒక్క అనువాకం అర్థం ఒక పేజీలో ప్రింట్ వేసి కుర్చీల మీద పెడదామంటే సరే అన్నాడు. నమకం నాలుగు, చమకం నాలుగు, రెంట్లో ఏది? మా వాచ్‌మన్, లిఫ్ట్ మెకానిక్, ప్లంబర్ కూడా వస్తారు ఆ రోజు.

సారె_మట్టి
నమకం నాలుగు. ఆ పేజీ కుర్చీల మీద పెట్టడంతో ఆగకుండా వాచ్‌మన్ చేతికి కూడా ఇవ్వండి.

సంథ_చెప్పినోడు
నమకం నాలుగే వెయ్యండి. మీ పంతులుగారికి ముందే ఒక మాట చెప్పండి, అక్కడ ఒక్క క్షణం ఆగమని. మధ్యలో ఎవరైనా ఆపితే మాకు మళ్ళీ ఎత్తుకోవడం కష్టం.

మెట్ట_రైతు
తర్వాతి వారం చమకం వేస్తే ఖల్వాల దగ్గర ఖాళీ వదలండి. ఒక టీకాలో శనగలని ఉంది, మా ఊళ్ళో చదువుకున్నాయన ఉలవలంటాడు. గింజ చూడకుండా నేను సంతకం పెట్టను.

పాలకొల్లు_పిల్లోడు
ఉలవలే. ఉలవచారు లేని వేదాన్ని నేనొప్పుకోను.

నిక్కచ్చి_మనిషి
ఉలవలకు సంస్కృతంలో కులత్థాలని వేరే పేరుంది. శనగలే.

గుంటూరు_గోంగూర
శనగలైతే శనగపిండి వచ్చినట్టే, శనగపిండి వస్తే మిరపకాయ బజ్జీ వచ్చినట్టే. మిరపకాయ సంగతి మేం చూసుకుంటాం.